బడి లేని రోజుల బస్సు

వేసవి సెలవులు మొదలైన వారంలోనే మా వీధి చివరి ఆసుపత్రిలో డయాలసిస్ గదికి తాళం పడింది. నీళ్ళు శుద్ధి చేసే మిషన్ పాడైందట, గొట్టాలన్నీ మార్చాలట. బడులు తెరిచే వేళకి మళ్ళీ మొదలుపెడతాం, అప్పటిదాకా పెద్దాసుపత్రికి వెళ్ళండి అని తలుపు మీద ఒక కాగితం అంటించారు. పెద్దాసుపత్రి ఊరికి అవతలి కొసన ఉంది. ఎలా వెళ్ళాలో మాత్రం ఆ కాగితం మీద రాయలేదు.

మా అమ్మకి రెండు మూత్రపిండాలూ పనిచెయ్యడం మానేసి చాలా కాలమైంది. వారానికి మూడుసార్లు మిషన్ మీద పడుకుని రక్తం శుభ్రం చేయించుకుంటేనే మనిషి నిలబడుతుంది. ఒకసారి తప్పితే కాళ్ళు ఉబ్బుతాయి, రెండోసారి తప్పితే ఊపిరి అందదు. మూడోసారి గురించి డాక్టరు ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇంటి పక్కనే గది ఉండటం వల్ల ఇన్నాళ్ళూ నడిచి వెళ్ళి నడిచి వచ్చేవాళ్ళం.

నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. అద్దాన్ని నంబరుకి తగ్గట్టు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టే పని. ఆ వేసవిలోనే మా ఓనరు వేరే ఊళ్ళో కొత్త షాపు పెడుతూ, దాన్ని నన్ను చూసుకోమన్నాడు. "బడులు తెరిచాక పిల్లల కళ్ళజోళ్ళకి గిరాకీ ఉంటుంది. అప్పటికల్లా షాపు తెరవాలి. వస్తావా, ఇంకొకళ్ళని చూసుకోనా?" అన్నాడు. వస్తానని ఒప్పుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక నాకంటూ ఎవరైనా ఒక తాళంచెవి ఇస్తాననడం అదే మొదటిసారి. ఆ వేళకి పక్క ఆసుపత్రిలో గది తెరుస్తారు, అమ్మని నాలుగడుగులు నడిపించుకెళ్ళడానికి తమ్ముడు చాలు అనుకున్నాను.

మా తమ్ముడు సభలకీ ఫంక్షన్లకీ మైకు సెట్లు పెడతాడు. మా ముందు గది నిండా వాడి సౌండు బాక్సులే. వాటి మధ్య చాప పరుచుకుని పొద్దెక్కేదాకా పడుకుంటాడు. ఇల్లు కాలిపోతోందన్నా ముసుగు తియ్యకుండా "ఏ వైపు నుంచి?" అని అడిగే రకం.

మొదట్లో ఆటోలో వెళ్ళాం. వెళ్ళేటప్పుడు బాగానే ఉండేది. తిరిగి వచ్చేటప్పుడే నరకం. మిషన్ మీద నుంచి లేచిన మనిషికి పిండేసిన గుడ్డలా ఒంట్లో ఏమీ మిగలదు. ఎండలో, పొగలో, వంతెన మీద వాహనాల మధ్య ఇరుక్కుపోతే అమ్మ నా భుజం మీద వాలిపోయి వాంతి చేసుకునేది. ఒకడైతే సగం దారిలో దింపేసి, "సీటు పాడుచేశారు, దిగండమ్మా" అని వెళ్ళిపోయాడు.

మా గదిలో మాతోపాటు మిషన్ ఎక్కేవాళ్ళందరిదీ ఇదే పాట. పెద్దాసుపత్రి వరండాలో లెక్కల మాస్టారు ఆ మాట పైకి అన్నారు. ఆయన రిటైరైన మనిషి, మిషన్ మీద కూడా ఇస్త్రీ చొక్కాతోనే పడుకుంటారు.

"తలొక ఆటోలో తలొక ఏడుపు ఎందుకమ్మా? అందరం కలిసి ఒక బస్సు మాట్లాడుకుందాం."

"అదీ నిజమే. మాట్లాడుకుందాం," అంది టైలరమ్మ. ఆవిడ ఒంటరి మనిషి, ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది.

మాట్లాడుకుందాం, మాట్లాడుకుందాం అంటూ అందరూ నా వైపు చూశారు. వాళ్ళలో ప్రతివాళ్ళకీ ఒక చేతికి కట్టు ఉంది. రెండు చేతులూ ఖాళీగా ఉన్నది నాకొక్కదానికే.

అలా మొదలైంది నా తిరుగుడు. షాపులో మధ్యాహ్నం భోజనం వేళ మానుకుని, బస్సులు అద్దెకిచ్చే ఆఫీసులన్నీ ఎక్కి దిగాను. ప్రతిచోటా ఒకటే ప్రశ్న.

"పెళ్ళికా, విహారయాత్రకా?"

"ఆసుపత్రికండీ."

ఒకాయన గొంతు తగ్గించి, "శవాన్ని తీసుకురావాలా?" అన్నాడు.

"కాదండీ. బతికున్నవాళ్ళనే. బతికుండటానికే."

"రోజూ అదే దారా? మాకు గిట్టదమ్మా. పెద్ద ట్రిప్పులైతే చెప్పండి."

ఇంకొకాయన ఎవరూ వాంతులు చేసుకోరని పూచీ ఇస్తే బస్సు ఇస్తానన్నాడు. మరొకాయన అంతా విని, టీ కూడా తెప్పించి, చివరికి తనకి బస్సే లేదనీ, అద్దెకి తెచ్చి అద్దెకిస్తాననీ చెప్పాడు. తిరిగి తిరిగి నా చెప్పులు అరిగాయి కానీ చక్రం ఒక్కటీ కదల్లేదు.

ఆఖరికి ఒక ట్రావెల్స్ ఆయన దొరికాడు. ఆయన బస్సులు బడి పిల్లల్ని తిప్పుతాయి. సెలవుల్లో ఖాళీగా పడుంటాయి.

"ఒకటి పంపిస్తానమ్మా. పిల్లల సీట్లు, కాస్త సర్దుకోవాలి. బడులు తెరిచిన రోజు నుంచి మాత్రం నన్ను అడగొద్దు."

"అప్పటికి మాకూ అక్కర్లేదండీ," అన్నాను ధీమాగా.

మొదటిరోజు పొద్దున్నే పసుపు బస్సు మా వీధిలోకి వచ్చేసరికి, చుట్టుపక్కల పిల్లలు సెలవులు అయిపోయాయేమోనని హడలిపోయారు. లోపల సీట్లు మోకాలి ఎత్తున ఉన్నాయి. కూర్చుంటే గడ్డం మోకాళ్ళకి తగులుతోంది. డ్రైవరు వెనకాల పలక మీద రాసి ఉంది: అల్లరి చేయరాదు, చేతులు బయట పెట్టరాదు, పక్కవారిని గిల్లరాదు. మాస్టారు దాన్ని పైకి చదివి, "నన్ను మళ్ళీ బళ్ళో వేశారమ్మా," అన్నారు. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంట్లోనూ అంతే, గోడవైపు తిరిగి పడుకునేది. జబ్బు చేసిన దగ్గర నుంచీ తను మాకు బరువైపోయానని అమ్మకి ఒక పట్టుదల. ఎంత చెప్పినా గోడకి చెప్పుకున్నట్టే.

బస్సు దొరికితే నా కష్టాలు తీరుతాయనుకున్నాను. నిజానికి అవి బస్సెక్కి కూర్చున్నాయి. ఒకరికి ఎండ వైపు సీటు వద్దు, ఒకరికి చక్రం మీద సీటు వద్దు. బ్యాంకులో పనిచేసి మానేసిన ఒకాయన రోజూ ఆలస్యంగా దిగేవాడు, దిగాక కళ్ళజోడు మరిచిపోయానని మళ్ళీ మేడెక్కేవాడు. బస్సు కుదిపినా నన్నే అనడం, బ్రేకు వేసినా నన్నే అనడం. నేనేదో స్టీరింగు నా చీర చెంగుకి కట్టుకున్నట్టు! ఇక బస్సు రాని రోజున ట్రావెల్స్ ఆయనకి ఫోన్ చేస్తే, ఎప్పుడు చేసినా ఒకటే జవాబు.

"మలుపులో ఉందమ్మా. ఇదిగో, వచ్చేసింది."

ఆ మలుపు ఏ దేశంలో ఉందో ఎవరికీ తెలియదు. టైలరమ్మ ఆయనకి 'మలుపుగారు' అని పేరు పెట్టింది. అందరూ నవ్వుకునేవాళ్ళు, నేను మాత్రం పళ్ళు నూరుకునేదాన్ని. అక్కడ షాపులో ఓనరు గడియారం చూపించేవాడు. ఒకరోజు ఆ చిరాకులో ఎవరికో కుడి కంటి అద్దం ఎడమ కంటికి బిగించాను. అన్నేళ్ళ సర్వీసులో నాకది మొదటి తప్పు.

వేసవి నడిమధ్యలో ఒక మధ్యాహ్నం, అందరూ మిషన్లు దిగి గేటు దగ్గరికి వచ్చేసరికి బస్సు లేదు. ఫోన్ చేశాను. మలుపులో ఉంది. కాసేపాగి మళ్ళీ చేశాను. ఇంకా మలుపులోనే ఉంది. గేటు బయట నీడ లేదు. మాస్టారి చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. బ్యాంకాయన ఫుట్‌పాత్ మీద కూలబడి, "ఈ ఏర్పాటు ఎవరు చేశారో గానీ..." అని గొణిగాడు. ఎవరు చేశారో నా ముఖం మీదే రాసి ఉంది.

"మీకు చేతనైతే మీరే మాట్లాడండి!" అని ఫోను ఆయన ఒళ్ళో పడేశాను. ఆయన దాన్ని మర్యాదగా తిరిగి ఇచ్చేశాడు.

చాలాసేపటికి బస్సు వచ్చింది. తలుపు తెరవగానే సెంటు వాసన. నేల మీద రంగు కాగితాల ముక్కలు, ఒక సీటు కింద ఎవరో చిన్నపిల్ల చెప్పు. మమ్మల్ని దింపి ఏదో పెళ్ళి బృందాన్ని తిప్పడానికి వెళ్ళాడన్నమాట.

"నన్నేం అనకండమ్మా. ఓనరు పంపాడు, వెళ్ళాను. మళ్ళీ ఇంకో ట్రిప్పు ఉంది," అంటూ డ్రైవరు బండిని ఉరికించాడు.

వంతెన దాటాక ఒక గుంతలో బస్సు ఎగిరి పడింది. అందరం సీట్లలోంచి లేచి కూలబడ్డాం. నేను డ్రైవర్ని తిడుతూ ముందుకు వెళ్తుంటే వెనక నుంచి టైలరమ్మ గొంతు వినిపించింది, చాలా నెమ్మదిగా. "అమ్మాయ్, నా చెయ్యి ఊడింది."

సూది గుచ్చిన చోట కట్టు జారిపోయింది. ఆ చేతిలో రక్తనాళం మామూలుది కాదు, మిషన్ కోసం ఆపరేషన్ చేసి పెద్దది చేసినది. తెరుచుకుంటే కుళాయి విప్పినట్టే. ఆవిడ చీర కుచ్చిళ్ళు అప్పటికే తడిసిపోయాయి. అంతమందికి బస్సు కుదిర్చిన దాన్ని, నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాను.

అమ్మ లేచింది. మిషన్ దిగిన రోజున నా భుజం లేకుండా అడుగు వెయ్యని మనిషి, పరిగెడుతున్న బస్సులో సీట్లు పట్టుకుంటూ వెళ్ళి, ఆ చేతిని ఒడిసిపట్టి, బొటనవేలితో నొక్కింది.

"చెయ్యి పైకెత్తు. నా ముఖం చూడు, దాన్ని చూడకు," అంది టైలరమ్మతో. తర్వాత తల తిప్పకుండానే, "బాబూ, బండి వెనక్కి తిప్పు. ఆసుపత్రికి పోనీ," అంది.

"నాకు ట్రిప్పుందమ్మా, మా ఓనరు..."

"తిప్పు నాయనా."

అరవలేదు. కానీ ఆ గొంతు నేను విని చాలా ఏళ్ళయింది. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ గోడ మీద నడుస్తుంటే 'దిగు' అనేది అలాగే. వాడు తిప్పాడు. పెద్దాసుపత్రిలో నర్సు వచ్చి తన చెయ్యి అడ్డం పెట్టేదాకా అమ్మ బొటనవేలు తియ్యలేదు. తీశాక అది కాసేపు వంగలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో పడుకున్నాక అడిగింది. "ఆవిడ ఫోన్ నంబరు నీ దగ్గరుందా?"

ఇచ్చాను. మర్నాటి నుంచి నా ఫోను నా చేతికి రావడం మానేసింది, అమ్మ దగ్గరే ఉండిపోయేది. టైలరమ్మ చెయ్యి ఎలా ఉంది, మాస్టారు ఉప్పు తగ్గించారా, బ్యాంకాయన ఇంట్లో ఎవరున్నారు? చక్రం మీద సీటు అందరూ వంతులవారీగా కూర్చోవాలని అమ్మే తేల్చేసింది. ఎవరూ కిక్కురుమనలేదు. అదే మాట నేనంటే బస్సులో యుద్ధం జరిగేది. అమ్మ కాస్త తేరుకుందని సంతోషించాల్సింది పోయి, నాకు ఒళ్ళు మండింది. తిట్లు నావీ, పెత్తనం ఆవిడదీనా?

అయినా నా బుర్రంతా వేరేచోట ఉంది. వేసవి ముగింపుకొస్తోంది. పక్క ఆసుపత్రిలో గది సిద్ధమవుతోంది కానీ మిషన్లు సగమే తెస్తున్నారని, పాతవాళ్ళలో కొందరికే చోటుంటుందని తెలిసింది. ఇక చూడండి, ఆ ఆసుపత్రి ఆఫీసు గుమాస్తా ఎక్కడుంటే నేను అక్కడే. పొద్దున ఆయన కుర్చీలో కూర్చోకముందే ఎదురుగా ఉండేదాన్ని. మధ్యాహ్నం ఆయన క్యారేజీ విప్పుతుంటే కిటికీలో కనిపించేదాన్ని.

"అమ్మా, మీరొస్తే నాకు ముద్ద దిగడం లేదు," అన్నాడొకసారి.

"మా అమ్మ పేరు రాస్తే రానండీ."

రాశాడు. దేవుడి మీద భక్తితో కాదు, నా మీద విరక్తితో.

ఆ రోజు గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను. అమ్మ మంచం మీద కూర్చుని ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతోంది. పెట్టెయ్యమని సైగ చేశాను.

"నీకు చోటు దొరికింది. బడులు తెరిచే రోజు నుంచి మళ్ళీ ఇక్కడే. బస్సు లేదు, వంతెన లేదు, మలుపుగారి పీడా లేదు. నేను నిశ్చింతగా ఊరెళ్ళొచ్చు."

అమ్మ ఫోను దిండు కింద పెట్టింది. తర్వాత, "ఆ చోటు టైలరమ్మకి ఇమ్మను," అంది.

"ఏమిటీ?"

"ఆ చెయ్యి ఇంకో కుదుపుకి ఆగదే. రక్తం కారితే చెంగు అదిమిపట్టడానికైనా ఆవిడకి ఎవరూ లేరు. నేను బస్సులో వెళ్తాను."

"బస్సెక్కడుంది? బడులు తెరుస్తున్నారు! ఆయన బస్సు ఇవ్వనన్నాడుగా!"

"ఇస్తానన్నాడు. పిల్లల్ని బడిలో దింపాక ఖాళీయేగా? అప్పుడు వస్తుంది, సాయంత్రం వాళ్ళని ఇళ్ళకి చేర్చాక మనల్ని వెనక్కి తెస్తుంది. మాస్టారూ నేనూ మొన్న మాట్లాడాం. మన వంతు మధ్యాహ్నానికి మార్చమని నర్సుతోనూ చెప్పాం, సరేనంది."

నా వెనక ఇంత జరిగింది. రాజ్యం చేతులు మారాక చివరగా తెలిసిన మంత్రిలా నిలబడ్డాను.

"నేనెంత తిరిగానో తెలుసా నీకు? ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నానో తెలుసా? ఎవరి కోసం? చెప్పు, నేను ఊరెళ్ళడం నీకు ఇష్టం లేదు. ఆ ముక్క సూటిగా చెప్పెయ్, మానేస్తాను!"

"ఎవరు మానమన్నారు? నువ్వు వెళ్ళు."

"వెళ్తే నిన్ను ఎవరు తీసుకెళ్తారు? ఎవరు తీసుకొస్తారు?"

సౌండు బాక్సుల మధ్య నుంచి ముసుగు కదిలింది. "ఆ టైముకైతే నేను లేచే ఉంటాగా," అన్నాడు తమ్ముడు.

ఆ మాటకి నేను ఏడవలేదు, నవ్వలేదు. చేతిలో ఉన్న గ్లాసు గట్టిగా కింద పెట్టాను. నీళ్ళు చింది వాడి బాక్సు మీద పడ్డాయి. వాడు లేచి, చొక్కాతో తుడుచుకున్నాడు.

ఆ రాత్రి నుంచి రెండు మూడు రోజులు అమ్మతో మాట్లాడలేదు. కానీ టైలరమ్మని తలుచుకుంటే ఆ రక్తమే కళ్ళ ముందు కనిపించేది. ఎంత కోపమున్నా కాదనడానికి నోరు రాలేదు. మళ్ళీ ఆ గుమాస్తా దగ్గరికి వెళ్ళక తప్పలేదు. నన్ను చూడగానే ఆయన క్యారేజీకి మూత పెట్టేశాడు.

"రాశానుగా తల్లీ!"

"ఆ పేరు కొట్టేసి ఇంకో పేరు రాయాలండీ."

"వేసవంతా నా ప్రాణం తోడేసింది ఇందుకా?" అన్నాడు.

"మా అమ్మని మీరు చూడలేదు కాబట్టి అలా అంటున్నారు. చూస్తే నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తారు."

ఏమనుకున్నాడో, నవ్వాడు. పేరు మార్చడానికి పెద్ద డాక్టరు సంతకం కావాలన్నాడు. ఆ సంతకం కోసం ఇంకో వారం తిరిగాను, అది మళ్ళీ వేరే కథ. మొత్తానికి టైలరమ్మ పేరు ఎక్కింది. సంగతి చెప్పడానికి వాళ్ళింటికి వెళితే ఆవిడ కుట్టుమిషన్ ఆపి, "మీ అమ్మకి పిచ్చా?" అంది. అవునన్నాను.

బడులు తెరిచారు. నేను కొత్త ఊరికి వెళ్ళాల్సిన రోజు, అమ్మ మిషన్ ఎక్కాల్సిన రోజు రెండూ ఒకటే అయ్యాయి. నా ప్రయాణం రాత్రికి. ఆఖరిసారి అమ్మతో పెద్దాసుపత్రికి వెళ్ళి, అప్పగింతలన్నీ తమ్ముడికి దారిలో చెప్పొచ్చని నేనూ తయారయ్యాను. బస్సు చెప్పిన వేళకే వచ్చింది. వేసవంతా రాని వేళకి ఆ రోజు వచ్చింది. నేల మీద పిల్లలు పారేసిన పెన్సిలు ముక్కలు, అరటితొక్క. అమ్మ ఎక్కింది, వెనకే తమ్ముడు ఎక్కి మెట్ల మీద అడ్డంగా నిలబడ్డాడు.

"అక్కా, సీటు లేదు."

"నాకు సీటు లేకపోవడమేమిట్రా?"

"ఇవాళ కొత్తగా ఇద్దరు వచ్చారు. అవతలి వీధి వాళ్ళు. అమ్మ రమ్మంది."

లోపలికి తొంగిచూశాను. నేను కూర్చునే చోట ఎవరో ముసలాయన, మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే ఎలా సర్దుకోవాలో తెలియక తంటాలు పడుతున్నాడు. మాస్టారు ఆయనకి పలక చదివి వినిపిస్తున్నారు. బ్యాంకాయన అప్పటికే కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ కిటికీలోంచి నా వైపు చూసింది.

"ఎండలో నిలబడకు. లోపలికి వెళ్ళి ఏమైనా తిను," అంది.

ఈ బస్సుని కుదిర్చింది నేను! బండి కదిలిపోతోంది. చెప్పాల్సినవి ఇంకా ఒక్కటీ చెప్పలేదు. పక్కనే పరిగెడుతూ అరిచాను.

"ఒరేయ్! మిషన్ ఎక్కేముందు బీపీ మాత్ర వెయ్యకు! దిగాక వెయ్యి! తెల్లది, చిన్నది! వచ్చేటప్పుడు తల తిరుగుతుందంటే..."

"కాళ్ళు ఎత్తున పెట్టించాలి. తెలుసక్కా!"

"నీకెలా తెలుసురా?"

"అమ్మ నేర్పించింది. అన్ని మాత్రలూ."

బస్సు వీధి దాటింది. నేను ఆగిపోయాను. ఇన్నేళ్ళూ పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఏ మాత్రకి ఆ మాత్ర నేనే విప్పి అమ్మ అరచేతిలో పెట్టేదాన్ని. ఏది ఏమిటని ఒక్కసారైనా అడిగేది కాదు. తనకేమీ తెలియదనే అనుకున్నాను. అన్నీ తెలుసట. తెలిసీ ఒక్కరోజైనా నాకు చెప్పలేదు.

కాసేపు ఆ కోపంతోనే ఎండలో నిలబడ్డాను. తర్వాత లోపలికి వెళ్ళి, ఏదో తిని, పెట్టె సర్దుకున్నాను.